ఉగ్రస్తంభానికి ఒక్కరోజు ట్రెక్: సామాను కంటే ముందు టైమ్ చూసుకోండి

మీరడిగింది: డిసెంబరులో ఆరుగురు హైదరాబాద్ నుంచి అహోబిలం వచ్చి ఒక్కరోజులో ఉగ్రస్తంభం (నరసింహస్వామి చీల్చుకుని వచ్చాడని చెప్పుకునే కొండ మీది రాతిస్తంభం) ఎక్కి దిగాలి, ఎవరికీ ట్రెక్కింగ్ అలవాటు లేదు, 61 ఏళ్ల నాన్నగారు కూడా వస్తానంటున్నారు, ఏమేం సర్దుకోవాలి అని. మాది నంద్యాల. నేను మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి నానా తిప్పలు పడి వచ్చాం కాబట్టి అదే ముందు చెబుతాను.

ఆ రోజు టిఫిన్లు, ఫొటోలు అంటూ ఎగువ అహోబిలంలో నడక మొదలుపెట్టేసరికి పదిన్నరయింది. జ్వాలా నరసింహస్వామి దర్శనం చేసుకుని స్తంభం దగ్గరికి చేరేసరికి రెండున్నర దాటింది. ఎక్కేశాం, ఇక దిగడమేగా అనుకున్నాం. ఎక్కేటప్పుడు వచ్చే ఆయాసం కాసేపు కూర్చుంటే పోతుంది, దిగేటప్పుడు పట్టేసిన మోకాలు మాత్రం కూర్చున్నా వదలదు. మా బావమరిది సగం దారి రాళ్ల మీద కూర్చుని జారుతూనే దిగాడు. డిసెంబరులో ఇక్కడ అయిదూ నలభై ప్రాంతంలో పొద్దు గూకుతుంది, భవనాశి వాగు పక్కన లోయలో ఇంకా ముందే మసక పడుతుంది. అయిదుగురికీ కలిపి రెండు ఫోన్ల వెలుతురు, అందులో ఒకదానికి చార్జింగ్ 12 శాతం, సిగ్నల్ సున్నా. గుడి దగ్గర లైట్లు కనిపించేసరికి ఏడుంపావు. ఇంట్లో ఎవరికీ ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

అందుకని రాత్రికి దిగువ అహోబిలంలోనో ఆళ్లగడ్డలోనో ఉండిపోండి. తెల్లవారి వెలుతురు రాగానే నడక మొదలవ్వాలి. దిగువ నుంచి ఎగువకి 8 కిలోమీటర్లు, అది బండి మీదే వెళ్లండి, కాళ్లు అక్కడ అరగదీసుకోవద్దు. పన్నెండు కొట్టగానే ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలని ఆరుగురూ ముందే ఒప్పుకోండి. పైకెళ్లాక మాట్లాడుకుందాం అంటే ఎవరూ ఒప్పుకోరు. రెండోసారి మేం వెళ్లింది స్వామి జన్మనక్షత్రమైన స్వాతి రోజు, గుళ్లో జనం కిక్కిరిసి దర్శనానికే పొద్దెక్కింది. పన్నెండింటికి స్తంభం ఎదురుగా కనిపిస్తూనే ఉంది, తిట్టుకుంటూ తిరిగొచ్చేశాం. మీరు క్యాలెండర్‌లో స్వాతి ఎప్పుడో చూసుకుని ఆ రోజు తప్పించండి. ముందురోజు వానపడి ఉన్నా, అటవీ సిబ్బంది వద్దన్నా పైకి వెళ్లొద్దు. తడిసిన బండలు సబ్బులా జారతాయి.

నాన్నగారి విషయం. జ్వాల దాకా చాలాచోట్ల మెట్లున్నాయి, నిదానంగా వెళ్తే రావచ్చు. స్తంభం దారి వేరు, అక్కడ రాళ్లు పట్టుకుని పాకాలి. ఆయన్ని జ్వాల దగ్గర ఆపి, తోడు ఒకరు ఆయనతోనే కిందికి దిగితే మంచిది. ఆ తోడు ఎవరన్నది ఇంటి దగ్గరే తేల్చుకోండి, కొండ మీద కాదు. బీపీ, షుగర్ ఉంటే బయల్దేరే ముందు డాక్టర్‌ని అడగండి.

ఇంకా నెల టైమ్ ఉంది కదా, రోజూ అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కండి. అందరూ ఎక్కి లిఫ్ట్‌లో దిగుతారు. మీరు మెట్ల మీదే దిగండి, భుజాన నాలుగైదు కిలోల బ్యాగుతో. కొత్త షూ కొంటే ఇప్పుడే కొని అరగదీయండి. రెండు రోజుల ముందు కాలిగోళ్లు కత్తిరించుకోండి, లేకపోతే దిగేటప్పుడు బొటనవేలు షూ ముందుకి తగిలి తగిలి నల్లబడుతుంది. నాకు రెండూ నల్లబడ్డాయి.

సామాను పెద్దగా ఏం లేదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండేసి ఓఆర్ఎస్ ప్యాకెట్లు (ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి), పులిహోర, వేరుశనగ చిక్కీ, ప్రతి ఒక్కరికీ విడిగా టార్చ్, నొప్పి స్ప్రే, ఒక క్రేప్ బ్యాండేజ్. తిండి మాత్రం క్యారీ బ్యాగులో చేత్తో పట్టుకెళ్లకండి. కోతులు కవర్ చప్పుడు వింటే వదలవు, మా పులిహోర మొదటి మలుపులోనే పోయింది. ఎగువ అహోబిలంలో చేతికర్రలు దొరుకుతాయి, సిగ్గుపడకుండా తలా ఒకటి తీసుకోండి. మూడోసారి పదకొండుకే స్తంభం చేరి, రెండున్నరకి కిందికొచ్చి వేడివేడిగా భోంచేశాం. మా బావమరిది చేతికర్ర ఇప్పటికీ ఇంట్లో తలుపు వెనకాలే ఉంది.