నవల కంటే ముందు పత్రిక పట్టుకో

అమ్మడూ, ఆశీస్సులు.

1871 నుంచి 1918 దాకా సాగిన జర్మన్ సామ్రాజ్యం, ఆనాటి సాహిత్యం మీద పరిశోధన అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. సిద్ధాంతాల పుస్తకాలు కొన్నాళ్లు పక్కన పెట్టి, ముందు అక్షరాలు దిద్దుకో తల్లీ.

ఆనాటి పత్రికలు ఎక్కువగా ఫ్రాక్టూర్ అనే పాత జర్మన్ అక్షరాల అచ్చులో ఉంటాయి. అందులో పొడుగు ఎస్, ఎఫ్ కవలల్లా కనిపిస్తాయి. ఎఫ్‌కి అడ్డగీత నిలువుగీతను దాటి కుడివైపుకి వస్తుంది, ఎస్‌కి రాదు. మన ప, ష లాగే, గీత ఒక్కటే తేడా. అది పట్టుకోకపోతే హాఫెన్ అనే రేవు కాస్తా హాజెన్ అనే కుందేళ్లయిపోతుంది. రోజూ రెండు పేజీలు పైకి చదువు. చేతిరాత ఉత్తరాలకు కుర్రెంట్ లిపి నేర్చుకో. దాన్ని సూటర్లిన్ అనే మరో చేతిరాత లిపి అని ఎవరన్నా చెబితే నమ్మకు, సూటర్లిన్ ప్రష్యా బడుల్లోకి వచ్చిందే 1915లో.

ఆ తర్వాత గార్టెన్‌లౌబె పాత సంచికలు తియ్యి. తోటలో పందిరి అని ఆ పేరుకి అర్థం. పేరు కిందే బొమ్మ ఉంటుంది, బల్ల చుట్టూ కుటుంబమంతా కూర్చుంటే పెద్దాయన చదివి వినిపిస్తుంటాడు. 1875లో ఈ వారపత్రిక 3,82,000 ప్రతులు అమ్ముడుపోయింది. జనం దేని కోసం ఎదురుచూశారో తెలియాలంటే అందులో మార్లిట్ అనే రచయిత్రి సీరియల్స్ చదవాలి. పండితులు చిన్నచూపు చూశారని నువ్వూ వదిలెయ్యకు.

ఫొంటానె నవల 'ఎఫీ బ్రీస్ట్' కూడా 1894-95లో డాయిచె రుండ్‌షౌ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిందే, అక్కడే చదువు. భార్య ఎఫీకి ప్రియుడు రాసిన పాత ప్రేమలేఖలు ఆరేళ్లు దాటాక దొరికితే, మనసులో పగ లేకపోయినా ఆ భర్త అతనితో ద్వంద్వయుద్ధానికి వెళతాడు. విషయం స్నేహితుడికి చెప్పేశాడు కాబట్టి ఇక వెనక్కి తగ్గలేననుకుంటాడు. ఆనాటి పరువు ఎంత బరువో నాకు ఆ సంభాషణలో తెలిసినంతగా ఏ చరిత్ర పుస్తకంలోనూ తెలియలేదు.

నాటకాలకైతే పోలీసు ఫైళ్లు చూడు. హాప్ట్‌మన్ నేతకూలీల తిరుగుబాటు మీద రాసిన 'నేతగాళ్లు' నాటకంపై బెర్లిన్ పోలీసుల నిషేధాన్ని 1893లో కోర్టు కొట్టేసింది. టికెట్ ధరలు ఎక్కువ, కూలీలు పెద్దగా రారు అన్నది కోర్టు చూపిన కారణాల్లో ఒకటి! 1894లో ఆట పడ్డాక జర్మన్ చక్రవర్తి కైజర్ ఆ థియేటర్‌లో తన బాక్స్ వదులుకున్నాడు.

ఒక్కటి మాత్రం చెయ్యకు. హిట్లర్ వస్తాడని తెలిసిన కళ్లతో 1890ల పేజీ చదవకు. ఆ పాఠకులకు 1914 కూడా తెలియదు.

గార్టెన్‌లౌబె ఒక సంచిక మొదటి పేజీ నుంచి చివరి ప్రకటన దాకా చదివి, ఏమేం ఉన్నాయో నాకు రాయి. పక్కన నా ప్రతి పెట్టుకుని చూస్తాను.

మీ అత్తయ్య