స్కాన్ చూడాలంటే యాంటీవైరస్ ఆపేయాలా?

ప్రశ్న: నాన్నగారి పంటిలో కాలువ గట్టిపడి మూసుకుపోయిందట. కంప్యూటర్ నావిగేషన్‌తో రూట్ కెనాల్ చేద్దామన్నారు డాక్టర్. స్కాన్ సెంటర్ వాళ్లిచ్చిన పెన్‌డ్రైవ్‌లో స్కాన్ చూపించే ప్రోగ్రామ్‌ను, అంటే ఈఎక్స్‌ఈ ఫైల్‌ను, యాంటీవైరస్ అడ్డుకుంటోంది. ఫోన్ చేస్తే ‘కాసేపు ఆపేయండి, ఏం కాదు’ అంటున్నారు. ఆపొచ్చా? ఆ నావిగేషన్‌ను ఎవరైనా హ్యాక్ చేస్తే డ్రిల్ పక్కకు పోతుందా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆపకండి. ఇదే ఫిర్యాదు నాకు వస్తూనే ఉంది, సెంటర్ల సలహా కూడా మారదు. స్కాన్ చూపించే ఎప్పటిదో పాత ప్రోగ్రామ్‌ను (వ్యూయర్) పెన్‌డ్రైవ్‌లో పడేసి, తెరుచుకోకపోతే మీ రక్షణే తీసేయమనడం ఏం పద్ధతి? ఆ పెన్‌డ్రైవ్ అంతకుముందు ఎన్ని కంప్యూటర్లకు తగిలిందో వాళ్లకైనా తెలుసా?

అసలు మీకు ఆ ఈఎక్స్‌ఈతో పనే లేదు. పళ్లను, దవడను త్రీడీలో చూపే ఈ సీబీసీటీ స్కాన్‌లో వందల చిత్రాలుంటాయి. వాటిని వైద్య స్కాన్లకు వాడే డైకామ్ ఫార్మాట్‌లో మొత్తం ఇమ్మని అడగండి. నావిగేషన్ ప్లాన్ చేయడానికి డాక్టర్‌కు కావాల్సింది అదే. స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్ చేస్తే ఎందుకూ పనికిరాదు.

డైకామ్ కూడా మరీ అమాయకపు ఫైలేం కాదు. దాని మొదటి 128 బైట్లలో ఏం రాసినా చెల్లుతుంది. ఆ సందులోంచి మాల్‌వేర్‌ను దూర్చవచ్చని 2019లో బయటపడింది. నాకు అంతకన్నా టెన్షన్ పెట్టేది వేరే ఉంది. పేరు, పుట్టినతేదీ వంటి వివరాలు ఆ ఫైల్ లోపలే ఉంటాయి, ఫైల్ పేరు మార్చినంత మాత్రాన పోవు. అలాంటిదాన్ని ‘ఫ్రీ ఆన్‌లైన్ వ్యూయర్’ అని కనిపించిన ప్రతి సైట్‌లోకీ ఎక్కించేస్తున్నారు జనం!

ఇక హ్యాకింగ్ సంగతి. ఈ రకం సిస్టమ్‌లో డ్రిల్‌ను నడిపేది డాక్టర్ చెయ్యే. దవడకు, డ్రిల్ పట్టుకునే పిడికి (హ్యాండ్‌పీస్) తగిలించిన ట్యాగ్‌లను కెమెరాలు చూస్తూ, డ్రిల్ మొన ఎక్కడుందో స్కాన్ మీద చూపిస్తాయంతే. దవడ మీది ట్యాగ్ కాస్త కదిలినా స్క్రీన్ మాత్రం ధీమాగా తప్పు చోటు చూపిస్తుంది. అందుకే తెలిసిన పంటి మీద మొన ఆనించి, స్క్రీన్‌తో సరిపోతోందో లేదో మధ్యమధ్యలో చూసుకోవాలి. హ్యాకర్ కన్నా వదులైన ట్యాగ్‌కే నేను ఎక్కువ భయపడతాను.

భయపడాల్సింది ఇంకోటుంది, క్లినిక్‌లో ఈ నావిగేషన్‌ను నడిపే కంప్యూటర్. దాన్ని అప్‌డేట్ చేస్తే క్యాలిబ్రేషన్ (కొలతల సర్దుబాటు) పోతుందని అమ్మినవాళ్లు బెదిరిస్తారు. దాంతో ఏళ్ల తరబడి అప్‌డేట్ లేని ఆ పీసీలోనే బిల్లింగ్, మెయిళ్లు, పాటలు, పేషెంట్ల స్కాన్లు అన్నీ! 2022 నవంబర్‌లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దెబ్బకు ఢిల్లీ ఎయిమ్స్‌లోనే రోజుల తరబడి పనులు చేత్తో రాసుకుని నడిపారు. చిన్న క్లినిక్‌కు బ్యాకప్ కూడా లేకపోతే ఏం మిగులుతుంది? లక్షలు పోసి యంత్రం కొనే డాక్టర్లు భద్రతా అప్‌డేట్‌లు ఎన్నేళ్లు ఇస్తారో కాగితం మీద రాయించుకోవాలి. అమ్మేవాళ్లు ‘మేం రాయం’ అంటే, ఆ పీసీకి నెట్ పీకేసి బిల్లింగ్‌కు వేరే కంప్యూటర్ పెట్టుకోండి.