నిచ్చెన కథ రాసిన అమ్మాయికి

పర్లాకిమిడి

అమ్మాయీ,

నీ కథ అందింది. రాత్రి ఒకసారి గబగబా చదివాను, పొద్దున టీ తాగుతూ పెన్సిలు పట్టుకుని మళ్లీ చదివాను. పెన్సిలు పట్టానంటే కథలో సరుకుందన్నమాట. లేకపోతే ‘బాగుంది తల్లీ’ అని ఒక ముక్క రాసి ఊరుకునేవాణ్ణి.

నీ కథలో నిచ్చెన నాలుగుచోట్ల వస్తుంది. ఓసారి అది కులం, ఓసారి ఆశ, ఓసారి వైకుంఠపాళి పటం, చివర్లో ఏకంగా దేవుడు. అసలు నిచ్చెన మాత్రం నాకెక్కడా కనపడలేదు. కర్రదా, ఇనపదా? ఎన్ని మెట్లు? పైన దేనికి కట్టారు? మీ మావయ్య పదకొండేళ్లు క్వారీలోకి దిగి ఎక్కాడని ఉత్తరంలో రాశావు. ఆయన్ని ఒక్కసారైనా ఇవి అడిగావా?

కొంత నేనే చెప్పగలను. ఎవరికీ పెద్దగా చెప్పుకోలేదు గానీ, ఇరవై రెండేళ్ల వయసులో ఈ జిల్లాలోనే ఒక రాతి క్వారీలో మస్టరు రాసేవాణ్ణి. రేకుల షెడ్డు, ఓ బల్ల, హాజరు పుస్తకం. షెడ్డు నుంచి పదడుగులు వేస్తే అంచు. అంచు కింద అరవై అడుగుల గొయ్యి. దిగడానికి ఇనప చువ్వలు వెల్డింగ్ చేసిన నిచ్చెనలు మూడు, ఒకదాని కింద ఒకటి, బైండింగ్ వైరుతో బిగించినవి. మధ్యలో ఊపిరి తీసుకోడానికి రెండడుగుల రాతి గట్టు. పై నిచ్చెన కొస సరిగ్గా అంచు దగ్గరికొచ్చి ఆగిపోయేది.

చూడ్డానికి అందులో తప్పేముందనిపిస్తుంది. నిచ్చెన కొస అంచు దాటి కనీసం ఒక మీటరు పైకి ఉండాలి. అప్పుడే దాన్ని పట్టుకుని అడుగు పక్కకు తీసి నేల మీద పెట్టగలం. అది లేనప్పుడు ఏం చేస్తారు? పై మెట్టు మీద నిలబడి, ముందుకు ఒంగి, అరచేతులు నేలకు ఆన్చి, మోకాలు పైకి లాక్కుంటారు. ఆ క్షణంలో చేతికి ఏ పట్టూ ఉండదు. అరచేతి కింద కంకర నలుసులు, డ్రిల్లు రేపిన రాతిపిండి. మంచు కురిసిన పొద్దున ఆ పిండి అట్లపిండిలా జారుతుంది. ‘ఆఖరి మెట్టు కాడ చెయ్యాడదు బాబూ’ అనేవాళ్లు మా వాళ్లు. ఆ ఒక్క మాట ముందు నీ వైకుంఠపాళి పేరా ఎందుకమ్మా?

నీ కథలో మనిషి నిచ్చెన మధ్యలో ఉండి కొడుకు చదువు గురించి ఆలోచిస్తూ పడిపోతాడు. నిచ్చెన మీద ఎవరూ కొడుకు చదువు గురించి ఆలోచించరు. భుజం మీద డ్రిల్లు రాడ్డుంటుంది, ఒక చెయ్యి దానికే పోతుంది. ఇంకో చెయ్యి, రెండు హవాయి చెప్పులు, అంతే మిగిలేది. సామాను తాడుతో దించి, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని దిగాలని ఎవరైనా చెబుతారు. మా దగ్గరా తాడుండేది. దాన్ని వదిలేవాడు పైన ఒకడుండాలిగా? వాడి కూలి ఎవరివ్వాలి?

పడిపోయిన తప్పంతా విధి మీద వేసేశావు. నాకది నచ్చలేదు. ఆ గోతిలోంచి పదేసి టన్నుల బ్లాకులు పైకొచ్చేవి. వాటికి డెరిక్ క్రేన్ ఉండేది, ఇనప తాడుండేది, నెలజీతం మీద ఆపరేటరుండేవాడు. పైకి రావడానికి రాయికి ఇంత దారి ఉంది, మనిషికి లేదు. కారణం చాలా మామూలుది. మనిషి నడిచి దిగేలా వాలుదారి వెయ్యాలన్నా, గోడను మెట్లుమెట్లుగా తవ్వాలన్నా, అమ్ముకునే రాయి కొంత అక్కడే వదిలెయ్యాలి. గట్టి నేలలో ఒక్కో మెట్టు ఎత్తు మామూలుగా 6 మీటర్లు దాటకూడదని 1961 నాటి గనుల నిబంధనల్లోనే ఉంది. నిటారుగా తవ్వుకుపోతే వదులుకునేదేమీ ఉండదు, రెండు రోజుల వెల్డింగ్ ఖర్చుతో పని అయిపోతుంది. ఈ లెక్క నీ కథలో ఎవరో ఒకరు అనాలి. మేస్త్రి బీడీ ముట్టించుకుంటూ ఒక్క వాక్యంలో అంటే చాలు, ఉపన్యాసం వద్దు.

మా క్వారీలో ఒకతను పై మెట్టు దగ్గరే జారాడు. అదృష్టం కొద్దీ మధ్య గట్టు మీద పడ్డాడు, తుంటి విరిగింది. ఆసుపత్రిలో ఏమని చెప్పాలో దారిలోనే నేర్పారు: కల్లు కోసం జీలుగు చెట్టెక్కి పడ్డాడు. సాయంత్రం నన్ను పిలిచి, ఆ రోజు అతని పేరు ఎదురుగా ‘ఏ’ అని రాయమన్నారు. ఆబ్సెంట్. పొద్దున పెట్టిన ‘పీ’ని బ్లేడుతో గీకి రాశాను. కాగితం పలచబడి వెనక పేజీలో గీతలు కనపడ్డాయి. నాకు జీతం కావాలి, రాశాను. ఆ సంగతి కథగా రాయడానికి పందొమ్మిదేళ్లు పట్టింది, అయినా సరిగ్గా కుదరలేదు. నీకు మావయ్య ఉన్నాడు, నోరుంది, ఇంట్లో కూర్చుని అడగొచ్చు. నాలా ఆలస్యం చెయ్యకు.

ఇక నీ భాష. ఒడియా మీడియంలో చదివాను, తెలుగు ఇంట్లో నేర్చుకున్నాను, తప్పులుంటాయని భయంగా ఉందన్నావు. ఆ టెన్షన్ వదిలెయ్. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసింది ఈ ఊళ్లోనే. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారాయన. జనం మాట్లాడే తెలుగే రాయాలని జీవితమంతా పోట్లాడారు. 1936 ఏప్రిల్ 1న ఈ ఊరు ఒడిశాలో కలిసింది. ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు, మనం ఉండిపోయాం. నువ్వు ఒకచోట ఒడియాలో ‘నిశుణి’ అని రాసి, కొట్టేసి, పైన ‘నిచ్చెన’ అని దిద్దావు. రెండూ ఒకే సంస్కృతపు మాట పిల్లలు. మీ మావయ్య క్వారీలో ఏదంటాడో అదే ఉంచు. క్వారీని ‘ఖాదాన్’ అంటే ఖాదానే. అయితే ‘శ్రమజీవి స్వేదబిందువులు’ మాత్రం తీసెయ్. అది ఆయనా అనడు, నువ్వూ అనవు.

వాన తగ్గాక ఒక ఆదివారం మావయ్యను తీసుకుని అక్కడికి వెళ్లు. నిచ్చెనను నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున మొదలు దూరంగా జరిపి వాల్చాలి. అక్కడ ఎలా వేశారో చూడు. కట్టిన వైరు తుప్పు పట్టిందా, ఎన్నో మెట్టు వంగింది, దాన్ని దాటడానికి వాళ్లు కాలెలా సాచుతున్నారు, ఇవన్నీ రాసుకో. దిగేవాణ్ణి కాక ఎక్కేవాణ్ణి చూడు, అదీ సాయంత్రం పని దిగాక, కాళ్లు వణికే వేళ. అందుకోసం సోమవారం ఇంకోసారి వెళ్లాల్సి రావచ్చు.

నువ్వు మాత్రం లోపలికి దిగకు. అంచుకు రెండు బారలు ఇవతలే కూర్చో. బ్లాస్టింగ్ జరిగిన చోట అంచు కింద రాయి వదులై ఉంటుంది, పైన గడ్డి మాత్రం పచ్చగానే కనపడుతుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు