అన్‌లిమిటెడ్ ప్యాక్ ఉన్నా 1860 నంబర్‌కి చేస్తే బ్యాలెన్స్ ఎందుకు పోతోంది?

రాయగడ నుంచి అడిగారు కదండీ, నెల ప్యాక్ వేయించినా ఫ్రిజ్ కంపెనీ 1860 నంబర్‌కి చేస్తే నాన్నగారి బ్యాలెన్స్ ఖాళీ అయిందని. ఆయన ఫోన్‌లో తప్పేం లేదు. 1800తో మొదలైతే టోల్‌ఫ్రీ, ఆ బిల్లు కంపెనీ కట్టుకుంటుంది. 1860 కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ చార్జి మనకే పడుద్ది, చాలా ప్యాకుల్లో అది అన్‌లిమిటెడ్‌లోకి రాదు, మెయిన్ బ్యాలెన్స్‌లోంచి కట్ అవుద్ది. లైన్‌లో ఉండండి అని పాట వేసి కూర్చోబెట్టిన టైమంతా కూడా లెక్కే. మెయిన్ బ్యాలెన్స్ సున్నా ఉంటే అసలు కాలే వెళ్లదు, పెద్దవాళ్లేమో కంపెనీ వాళ్లు ఎత్తట్లేదు అనుకుంటారు. వారంటీలో ఉన్న వస్తువు పాడైతే ఫోన్ ఖర్చు కూడా మనమే పెట్టుకోవడం అన్యాయం అనే నేనంటాను.

ఇక్కడ పర్లాకిమిడిలో మా పెద్దమ్మకి బ్యాంకు కార్డుతో ఇదే ఇబ్బంది, కార్డు వెనకాల 1860 ఒక్కటే ఉంది. నేను బ్యాంకు సొంత వెబ్‌సైట్ తీసి కింద దాకా చూస్తే విదేశాల్లో ఉన్నవాళ్ల కోసం అని +91 22తో ఇంకో నంబర్ కనబడింది, అది ముంబైలో మామూలు ల్యాండ్‌లైనే, మనం ఇక్కణ్నుంచి కూడా చేయొచ్చు. పెద్దమ్మేమో బొంబాయి నంబరా, ఎస్టీడీ పడిపోద్దిరా అని భయపడింది, కానీ ఇప్పుడు అన్‌లిమిటెడ్ ప్యాక్ ఉంటే లోకల్, ఎస్టీడీ తేడా లేదు, ఆ కాల్ ప్యాక్‌లోనే పోయింది. మాది ఒడిశా కదా, ఒక్కోసారి పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వైపు టవర్ పట్టేస్తుంది, అప్పుడైనా ప్యాకుల్లో రోమింగ్ కలిపే ఉంటుంది కాబట్టి కంగారు లేదు. అందుకే 022, 044, 040 లాంటి కోడ్ ఉన్న నంబర్ దొరికితే 1860 వదిలేసి దానికే చేయండి.

నంబర్ మాత్రం గూగుల్‌లో పైన కనబడింది చూసి కొట్టకండి, కస్టమర్ కేర్ పేరుతో దొంగ నంబర్లు పెట్టి ఓటీపీ అడిగి డబ్బులు లాగేస్తున్నారు. బిల్లు మీదో, వారంటీ కార్డు మీదో, కంపెనీ సొంత సైట్‌లోనో ఉన్నదే వాడండి. ఎవరికైనా ఇప్పటికే డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

ఫ్రిజ్ కంప్లైంట్ అయితే ముందు కంపెనీ యాప్‌లోనో వాట్సాప్‌లోనో పెట్టండి, చాలావాటికి ఉంటుంది, వాళ్లే తిరిగి ఫోన్ చేస్తారు. బ్యాంకు బ్యాలెన్స్ కోసమైతే కాల్ అక్కర్లేదు, చాలా బ్యాంకులకి మిస్డ్ కాల్ నంబర్ ఉంది, రిజిస్టర్ చేసిన ఫోన్ నుంచి ఇస్తే మెసేజ్ వచ్చేస్తుంది.

ఫోన్ చేసే ముందు మోడల్, సీరియల్ నంబర్, కొన్న తేదీ కాగితం మీద రాసి పక్కన పెట్టుకోమనండి, కంప్లైంట్ నంబర్ తీసుకోకుండా పెట్టేయొద్దు. అది ఉంటే, కంపెనీ కదలకపోయినా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పొచ్చు, టోల్‌ఫ్రీనే, తెలుగులో కూడా మాట్లాడతారు, ఒడియా సరిగా రాని మనలాంటివాళ్లకి అదొక్కటే పెద్ద ఊరట.