ఇంటి కోసం దాచిన డబ్బుతో చిప్ షేర్లు కొనవచ్చా?

ప్రశ్న: అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. నా దగ్గర ఒక చిప్ కంపెనీ షేర్లు 15,000 డాలర్ల విలువైనవి ఉన్నాయి. ఆ కంపెనీ పేటెంట్ల వ్యాపారాన్ని విడదీస్తుందని, ఒక పెద్ద ఫోన్ల కంపెనీతో లైసెన్స్ ఒప్పందం (పేటెంట్లు వాడుకున్నందుకు డబ్బు చెల్లించేది) కూడా కుదరబోతోందని గట్టిగా వినిపిస్తోంది. ఏడాదిన్నరలో ఇల్లు కొనాలనుకుంటున్నాం. డౌన్ పేమెంట్‌కు దాచిన 40,000 డాలర్లు కూడా ఇందులో పెట్టి, వార్త రాగానే అమ్మేయనా?

జవాబు: దయచేసి ఆ 40,000 జోలికి వెళ్లకండి. మీరు విన్నది అబద్ధమని నేను అనడం లేదు. నిజమే అయినా, మీకు డబ్బు అవసరమయ్యే రోజులోపు అది జరుగుతుందని ఎవరూ చెప్పలేరు. నా భయమల్లా అదే.

ఫోన్ చిప్‌లు, పేటెంట్లు రెండూ ఉన్న క్వాల్‌కామ్ సంగతి చూడండి. చిప్‌ల వ్యాపారాన్ని వేరే కంపెనీగా చేస్తామని 2000 జులైలో యాజమాన్యమే ప్రకటించింది. ఏడాది తిరిగేసరికి ఆ ఆలోచన మానుకుంది. 2015లో జానా పార్ట్‌నర్స్ అనే ఫండ్ చిప్‌లనూ పేటెంట్లనూ విడదీసే సంగతి ఆలోచించమని పట్టుబట్టింది. నెలల తరబడి సమీక్ష చేసి, డిసెంబరులో కలిసే ఉంటామని తేల్చారు. కంపెనీ నోటితో చెప్పిందే జరగలేదు. మీ చేతిలో ఉన్నది వినికిడి మాత్రమే.

లైసెన్స్ ఒప్పందాల దారి ఇంకా పొడవు. మెమరీ చిప్‌లు చేసే మైక్రాన్, హైనిక్స్ కుమ్మక్కై తన మెమరీ టెక్నాలజీని తొక్కేశాయంటూ ర్యాంబస్ అనే కంపెనీ సుమారు 400 కోట్ల డాలర్ల పరిహారం కోరింది. 2011 నవంబరులో జ్యూరీ కాదంది. ఆ ఒక్కరోజే షేరు విలువ సగానికి పైగా పోయింది. తర్వాత 2013లో ఆ రెండు కంపెనీలూ ర్యాంబస్‌తో లైసెన్స్ ఒప్పందాలు చేసుకున్నాయి. అంటే ఎప్పటికైనా ఒప్పందం కుదురుతుందన్నవాళ్ల మాట నిజమైంది. కానీ హైనిక్స్ ఒప్పుకున్నది ఐదేళ్లలో 24 కోట్ల డాలర్లు, అదీ మూడు నెలలకోసారి వాయిదాల్లో. ఈలోపు ఇంటి డబ్బు అవసరమై అమ్ముకున్నవాడికి ఆ నిజం ఏం పనికొస్తుంది?

లాభపడ్డవాళ్లూ లేకపోలేదు. 2019 ఏప్రిల్‌లో పేటెంట్ల రుసుం గొడవలో ఆపిల్‌తో రాజీ కుదిరిన రోజు క్వాల్‌కామ్ షేరు దాదాపు 23 శాతం ఎగిరింది. అయితే ఆపిల్ కేసు వేసింది 2017 జనవరిలో. మీకున్న గడువు కన్నా ఎక్కువ కాలమే పట్టింది.

ఒకవేళ విభజన జరిగినా, ఆ రోజు డబ్బేమీ ఊడిపడదు. 2022 అక్టోబరులో ఎక్స్‌పెరీ అనే టెక్నాలజీ కంపెనీ విడిపోయినప్పుడు, పేటెంట్ల భాగం అడియా అనే పేరుతో మిగిలింది. 100 షేర్లున్నవారికి కొత్త ఎక్స్‌పెరీవి 40 వచ్చాయి. అకౌంట్ తెరిస్తే పాత షేరు ధర తగ్గి కనిపిస్తుంది, కింద ఇంకో వరుస చేరి ఉంటుంది. ఉన్న విలువే రెండు వరుసల్లోకి సర్దుకుంటుంది. ఆ తర్వాత ఏది పెరుగుతుందన్నది ఆయా వ్యాపారాలను బట్టే. పైగా కొన్న ఏడాదిలోపు అమ్మితే, లాభం మీద జీతానికి కట్టే రేటునే పన్ను పడుతుంది.

ఇంటి డబ్బును ట్రెజరీ బిల్లుల్లో (అమెరికా ప్రభుత్వం తీసుకునే స్వల్పకాలిక అప్పు పత్రాల్లో) గానీ, ఎఫ్‌డీఐసీ (బ్యాంకు డిపాజిట్లకు ప్రభుత్వ బీమా ఇచ్చే సంస్థ) బీమా ఉన్న సేవింగ్స్ ఖాతాలో గానీ ఉంచండి. బిల్లుల వడ్డీ మీద రాష్ట్ర ఆదాయ పన్ను ఉండదు.

ఇక ఆ 15,000. పుకారు పక్కనపెట్టి కంపెనీ వార్షిక నివేదిక, 10-కె, తెరవండి. లైసెన్స్ ఆదాయంలో ఒక్క కస్టమర్ వాటా ఎంత, పెద్ద ఒప్పందాల గడువు ఎప్పుడు తీరుతుంది అన్నవి వెతకండి. పేటెంట్ ఆయుష్షు మామూలుగా దరఖాస్తు చేసిన నాటి నుంచి 20 ఏళ్లే. ఇవన్నీ చదివాక కూడా ఐదేళ్లు అట్టిపెట్టుకోవాలనిపిస్తే ఉంచుకోండి. లేదంటే, సగమైనా అమ్మి టెన్షన్ తగ్గించుకోండి. రేపు నిజంగానే విడిపోతే కంపెనీ ఇచ్చే ఫారం 8937 దాచిపెట్టండి. కొన్న ధరను రెండు షేర్లకూ ఎలా పంచాలో అందులోనే ఉంటుంది.