చెన్నైకి కుక్కతో వచ్చారా? మాంసం కొనేటప్పుడు, వండేటప్పుడు

విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో చెన్నైకి మారిన మనవాళ్లు తరచూ అడుగుతుంటారు: "ప్యాకెట్ తిండి ఖరీదు భరించలేకపోతున్నాం, చికెన్, అన్నం వండి పెడితే చాలదా?" ఆ రెండే అయితే చాలదు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. నెలల తరబడి అదే పెడితే శరీరం తనకు కావలసిన కాల్షియాన్ని ఎముకల నుంచి లాక్కుంటుంది. ఇక పెరుగన్నం మీదే పెంచుతామంటే కడుపు నిండుతుంది కానీ మాంసకృత్తులు చాలినన్ని అందవు.

చికెన్ ఏ వీధిలోనైనా దొరుకుతుంది. తోలు తీసిన తొడ మాంసం, ఎముక లేకుండా అడగండి. కొత్తుకరి అంటే మన ఖైమా. కొట్టి ఉంచింది వద్దు, ముక్క చూపించి మీ ఎదుటే కొట్టించండి. ఈరల్ అంటే కార్జం. కొన్ని షాపుల్లో "కుక్కలకు" అని చవగ్గా ఇచ్చే సంచిలో తలలు, మెడలు, తోలు, కాళ్లు ఉంటాయి. తోలులోని కొవ్వుతో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, క్లోమం వాచే ప్రమాదమూ ఉంది. మేక గొంతు గొట్టం కూడా తీసుకోకండి. దానికి థైరాయిడ్ గ్రంథి అంటుకుని వస్తే, తిన్న కుక్క రక్తంలో ఆ హార్మోన్ పెరిగిపోతుంది.

ఫ్రోజెన్ కొంటే ప్యాకెట్‌ను తిప్పి చూడండి. అడుగున రసం గడ్డకట్టి పలకలా ఉంటే అది మధ్యలో ఒకసారి కరిగినట్టే, వదిలేయండి. మసాలా పట్టించిన ముక్కల్లో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, వండినా ఆ విషం పోదు. కరిగించడం ఫ్రిజ్‌లోనే. కిలో ప్యాకెట్‌కు ఒక రోజు పడుతుంది. మన వంటింటి గట్టు మీద పెడితే పైభాగం వెచ్చబడి పాడవుతుంటే లోపల ఇంకా గడ్డగానే ఉంటుంది.

పచ్చి మాంసం పెట్టమని చెప్పేవాళ్లు చాలామంది తగులుతారు. దయచేసి వినకండి, ముఖ్యంగా మేక, గొర్రె కార్జం, ఊపిరితిత్తుల విషయంలో. వాటిలో కొన్నిసార్లు నీటి బుడగల్లాంటి తెల్లటి తిత్తులు కనిపిస్తాయి. అవి బద్దెపురుగు పిల్లలుండే సంచులు, హైడాటిడ్ తిత్తులంటారు. పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో బద్దెపురుగులు పెరుగుతాయి, వాటి గుడ్లు మలంలో బయటికొస్తాయి. అవి కుక్క బొచ్చు మీంచి పిల్లల చేతికి, నోటికి చేరితే పిల్లల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో అవే తిత్తులు తయారవుతాయి. కుక్క మాత్రం పైకి హుషారుగానే ఉంటుంది. తిత్తి కనిపించిన ముక్కను వీధికుక్కకు కూడా వేయకండి. మిగతా లోపలి భాగాలను చిన్న ముక్కలు చేసి, నీళ్లు తెర్లడం మొదలయ్యాక అరగంట ఉడికించండి. ఫ్రీజర్‌లో పెట్టాం కదా అని ధీమా వద్దు, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా చలికి నిద్రపోతుందే కానీ చావదు.

ముప్పై కిలోల లాబ్రడార్‌కు రెండు రోజుల వంట ఇది. ఎముక లేని చికెన్ కిలో, కార్జం 50 గ్రాములు, బియ్యం 250 గ్రాములు, గుమ్మడి, క్యారెట్, బీన్స్ కలిపి 300 గ్రాములు. ఉప్పు, నూనె, తాలింపు ఏమీ వద్దు. చికెన్ లోపల గులాబీ రంగు పోయి, రసం తేటగా కారేదాకా ఉడకాలి. కార్జం మొత్తంలో ఐదు శాతం దాటకూడదు, అందులోని విటమిన్ ఎ ఒంట్లో పేరుకుపోతుంది. అన్నీ ఉడికాక కలిపితే పావు తక్కువ రెండు కిలోల దాకా వస్తుంది. ఎదిగిన కుక్క రోజుకు తన బరువులో రెండు మూడు శాతం తింటుంది, బరువు చూసుకుంటూ తగ్గించండి, పెంచండి.

కాల్షియానికి గుడ్డు పెంకులు చాలు. కడిగి, పది నిమిషాలు మరిగించి, బాగా ఎండబెట్టి, మిక్సీలో మైదాలా పట్టండి. వేళ్ల మధ్య రుద్దితే గరగర తగలకూడదు. తయారైన తిండి 450 గ్రాములకు అర టీస్పూను చొప్పున, చల్లారాక కలపండి. పై వంటకు రెండు టీస్పూన్లు పడుతుంది. ఎముకలు పెడితే సరిపోదా అంటారు. ఉడికిన ఎముక పెళుసై సూదుల్లా చీలుతుంది, పేగులకు గుచ్చుకుంటుంది. ఎముకల చారు కావాలంటే కాచి, ఎముకలు తీసేసి, ఫ్రిజ్‌లో పైకి తేలిన కొవ్వు గీకేసి వాడండి. జింక్, అయోడిన్, విటమిన్ డి, ఇ ఈ వంటలో చాలవు. వాటికి ఏ సప్లిమెంట్ ఎంత వేయాలో డాక్టర్ చేత రాయించుకోండి. వేపేరిలో 1903 నుంచీ ఉన్న మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు. కూనలకు, కిడ్నీ జబ్బున్న కుక్కలకు మాత్రం ఈ కొలతలు పనికిరావు.

ప్యాకెట్ తిండి నుంచి ఒక్కసారిగా మార్చకండి. మొదట పావు వంతు కలిపి, వారం పది రోజుల్లో పూర్తిగా మార్చండి.

వండింది పల్చగా పరిచి త్వరగా చల్లార్చి, మే నెల ఎండల్లో అయితే గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టేయండి. అక్కడ మూడు రోజులు, ఫ్రీజర్‌లో రెండు నెలలు ఉంటుంది. కరెంటు పోతే తలుపు తీయకండి, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు, సగం ఉంటే ఒక రోజు చలి నిలుపుకుంటుంది. తిరువళ్లువర్ దినం, తమిళ సాధువు వళ్లలార్ స్మారక దినం, మహావీర్ జయంతి నాడు ఇక్కడ మాంసం దుకాణాలు మూసేస్తారు, ఆ రోజులకు ఒకటి రెండు డబ్బాలు ముందే వండి పెట్టుకోండి.