కాంకార్నో: కారు లేకుండా, అమ్మానాన్నలతో

ఫ్రాన్స్‌లో బ్రిటనీ సముద్ర తీరాన ఉన్న కాంకార్నోకి పారిస్ నుంచి ఒక్క రోజులో వెళ్లొచ్చేయొచ్చా, శాకాహారి అయిన అమ్మకి అక్కడ తిండి దొరుకుతుందా అని అడిగారు కదా. ఒక్క రోజులో వద్దండీ, పెద్దవాళ్లు అలసిపోతారు. ఒక రాత్రి ఉండండి.

కాంకార్నోలో రైల్వే స్టేషన్ లేదు. పారిస్‌లోని మోంపార్నాస్ స్టేషన్‌లో కాంపేర్ ఊరి వైపు వెళ్లే టీజీవీ (హై స్పీడ్ రైలు) ఎక్కి, రోస్పోర్డెన్‌లో గానీ కాంపేర్‌లో గానీ దిగి బస్సు పట్టుకోవాలి. ఆదివారం బస్సులు తక్కువ, టైమింగ్స్ చూసుకున్నాకే రైలు టికెట్ బుక్ చేయండి.

చూడాల్సింది విల్ క్లోజ్. హార్బర్ మధ్య చిన్న దీవి మీద కోట గోడల లోపల ఊరు. మధ్యాహ్నం లోపలి ముఖ్య వీధి తిరునాళ్లలా ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి. లోపలే చేపలవేట మ్యూజియం ఉంది. అవతలి చివర నుంచి చిన్న పడవలో ఎదురొడ్డుకి దాటొచ్చు, నాన్నగారికి అదే నచ్చుతుందేమో! ఆగస్టులో జరిగే నీలి వలల పండుగ 1905లో మొదలైంది, సార్డీన్ చేపలు పడక పస్తులున్న కుటుంబాల కోసం. ఆ రోజుల్లో వెళ్తే మాత్రం రూమ్ ముందే చూసుకోండి.

అమ్మగారి తిండికి టెన్షన్ వద్దు. బక్‌వీట్ అనే గింజల పిండితో పెనం మీద పల్చగా పోసే గాలెట్ మన అట్టుకి చుట్టమే. కాంప్లెట్ అనే రకం గాలెట్ అడిగితే మాత్రం గుడ్డు, చీజ్‌తో పాటు పంది మాంసం కూడా పెడతారు. చీజ్, పుట్టగొడుగులు చాలని చెప్పండి.